పాత డెస్క్‌టాప్ ప్రాసెసర్లు: ఉంచుకోదగ్గవి ఏవి, కొనదగ్గవి ఏవి

పాత ప్రాసెసర్ గురించి అడిగే ప్రశ్న పైకి ఒకటిగానే వినిపిస్తుంది గానీ అందులో రెండు ప్రశ్నలు కలిసి ఉంటాయి. ఇంట్లో ఇప్పటికే ఉన్న కంప్యూటర్‌ను ఇంకొన్నేళ్లు నడుపుకోవచ్చా అన్నది మొదటిది. సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు దొరుకుతున్న పాత ప్రాసెసర్‌ను ఈ రోజు డబ్బు పెట్టి కొనవచ్చా అన్నది రెండోది. ఒకే ప్రాసెసర్ విషయంలో మొదటి ప్రశ్నకు ‘నిక్షేపంగా’ అనీ, రెండో ప్రశ్నకు ‘వద్దు’ అనీ జవాబు చెప్పవలసి రావడం నాకు చాలాసార్లు ఎదురైంది. ఇంటెల్ కంపెనీ చేసిన కోర్ 2 క్వాడ్ క్యూ6600, కోర్ ఐ5 2500, కోర్ ఐ7 4790, దాని పోటీదారు ఏఎమ్‌డీ చేసిన రైజెన్ 5 3600 అనే నాలుగు ప్రాసెసర్లను నేను ఏళ్ల తరబడి రోజువారీ పనికి వాడాను. మరికొన్నింటిని బంధువులకూ స్నేహితులకూ బిగించి ఇచ్చి, వాటి బాగోగులు చూస్తూ వచ్చాను. ఆ అనుభవం ఆధారంగా, ఈ రెండు ప్రశ్నలను విడివిడిగా పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా గిగాహెర్ట్జ్ (ప్రాసెసర్ గడియారం సెకనుకు ఎన్ని వందకోట్ల సార్లు టిక్కుమంటుందో చెప్పే అంకె) సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే పాత ప్రాసెసర్ల అమ్మకాల్లో ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఆ అంకే. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియమ్ 4 ప్రాసెసర్లలో 3.4 గిగాహెర్ట్జ్‌వి ఉన్నాయి. 2011లో వచ్చిన కోర్ ఐ5 2500 మామూలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. అంకె చూస్తే పాతదే ఒక మెట్టు పైన ఉన్నట్టుంటుంది, పనికి దించితే మాత్రం రెండింటికీ పోలికే లేదు. ప్రెస్కాట్‌లో ఒక ఆదేశం పూర్తికావడానికి 31 దశల పైప్‌లైన్ దాటాలి. ప్రోగ్రాము ఏ మలుపు తిరుగుతుందో ప్రాసెసర్ ముందే ఊహించుకుని పని మొదలుపెడుతుంది కాబట్టి, ఊహ తప్పిన ప్రతిసారీ ఆ పొడవాటి వరుసలో సగంలో ఉన్న పనంతా పారేసి మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాలి. 2006లో వచ్చిన కోర్ 2 ప్రాసెసర్లు ఆ వరుసను 14 దశలకు కుదించి, ఒక్కో గడియారపు టిక్కులో ఎక్కువ ఆదేశాలను నడిపించడం మొదలుపెట్టాయి. అప్పటినుంచి గిగాహెర్ట్జ్ అంకె ఒకే తరం ప్రాసెసర్లను పోల్చుకోవడానికి మాత్రమే పనికొస్తోంది. ఒక్క టిక్కులో ఎంత పని జరుగుతుంది, ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేయగల భాగాలు) ఉన్నాయి, కొత్త సాఫ్ట్‌వేర్ అడిగే ఆదేశాలు దానికి తెలుసా లేదా అన్నవే అసలు కొలతలు. మూడో కొలతను చాలామంది పట్టించుకోరు, అయితే పాత ప్రాసెసర్‌కు కాలం చెల్లిందని చెప్పేది చాలాసార్లు అదే.

కోర్ 2 క్వాడ్ క్యూ6600 మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. 2007 జనవరిలో నాలుగు కోర్లను మామూలు డెస్క్‌టాప్‌లోకి తెచ్చిన ప్రాసెసర్ ఇది. 2.4 గిగాహెర్ట్జ్ వేగం, 8 మెగాబైట్ల ఎల్2 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) ఉన్నాయి. నిజానికి ఇది రెండేసి కోర్లున్న రెండు చిప్పులను ఒకే పలక మీద పక్కపక్కన అమర్చిన అమరిక, ఆ రెండు జంటలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే 1066 మెగాహెర్ట్జ్ బస్సు మీదుగా బయటికి వెళ్లి రావాలి. మొదట వచ్చిన బీ3 రకం 105 వాట్లది, తరువాత వచ్చిన జీ0 రకం 95 వాట్లది. ఆ రోజుల్లో జీ0 కోసం వెతికి మరీ కొన్నవాళ్లున్నారు, వారి శ్రమ వృథా పోలేదు.

ఇప్పుడు మాత్రం దీన్ని ఉంచుకోమని కూడా నేను చెప్పలేను. నా క్యూ6600 యంత్రానికి హార్డ్ డిస్క్ బదులు వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచి, తేలికపాటి లినక్స్ వేసి చూశాను. టైపింగ్, పాటలు, దాచుకున్న ఫొటోలు చూసుకోవడం వంటి పనులకు ఇబ్బంది లేదు. బ్రౌజర్ తెరిచి బరువైన వెబ్‌సైటు ఒకటి పెట్టగానే నాలుగు కోర్లూ ఒకేసారి లేచి పరుగెడతాయి, ఫ్యాన్ చప్పుడు గది నిండుతుంది, పేజీ మాత్రం తీరిగ్గా వస్తుంది. అంతకన్నా పెద్ద అడ్డంకి ఆదేశాలది. ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు ఇంటెల్ ప్రాసెసర్లలోకి 2008 చివరలో నెహాలెమ్ తరంతో వచ్చాయి. విండోస్ 11 24హెచ్2 కూర్పు అవి లేని ప్రాసెసర్ మీద అసలు లేవనే లేవదు. ఈ దశకు వచ్చిన ప్రాసెసర్ మీద కొత్తగా పైసా పెట్టడం చేతి చమురు వదిలించుకోవడమే అవుతుంది.

కోర్ ఐ5 2500 దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో ఇంకా పనిచేస్తున్న పాత డెస్క్‌టాప్‌లలో ఈ తరానివి చాలానే ఉన్నాయి. 2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ పేరుతో వచ్చిన ఈ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల చరిత్రలో ఒక పెద్ద గెంతు. నాలుగు కోర్లు, 6 మెగాబైట్ల ఎల్3 క్యాష్, అవసరాన్ని బట్టి 3.7 గిగాహెర్ట్జ్ వరకు ఎగబాకే వేగం, ప్రాసెసర్‌లోనే ఇమిడిన గ్రాఫిక్స్, హెచ్.264 అనే రూపంలోని వీడియోను కోర్ల మీద భారం పడకుండా నడిపించే ప్రత్యేక విభాగం అన్నీ 95 వాట్ల పరిధిలో వచ్చాయి. ‘కె’ అక్షరం ఉన్న 2500కె, 2600కె రకాల వేగాన్ని మంచి కూలర్ ఉంటే ఇంకా చాలా పైకి తీసుకువెళ్లే వీలుండేది. చిప్పుకూ పైనున్న లోహపు మూతకూ మధ్య టంకం పోసి ఉండటం వల్ల వేడి సులువుగా బయటికి వచ్చేది. మరుసటి ఏడాది వచ్చిన ఐవీ బ్రిడ్జ్‌లో టంకం బదులు పేస్టు పెట్టారు, కాబట్టి వేగం పెంచుకునే విషయంలో చాలామంది శాండీ బ్రిడ్జ్‌నే మెచ్చుకున్నారు.

ఇది ఇంతకాలం నిలబడటానికి దాని మంచితనం ఒక కారణమైతే, దాని తరువాత వచ్చినవి మెల్లగా నడవడం ఇంకో కారణం. 2009 నుంచి 2017 నడిమి వరకు ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ వరుసలో అత్యున్నత ప్రాసెసర్‌కు కూడా నాలుగు కోర్లే ఉండేవి. శాండీ బ్రిడ్జ్ తరువాత ఒక్కో తరం తనకు ముందున్న తరంకన్నా ఒక టిక్కుకు కొద్ది శాతమే మెరుగుపడుతూ వచ్చింది తప్ప అంతకు మించి పోలేదు. పోటీ పడవలసిన ఏఎమ్‌డీ ఆ రోజుల్లో వెనుకబడి ఉంది. అందువల్ల 2011లో ఐ7 2600 కొన్నవారు 2016లో పక్కవారి కొత్త యంత్రాన్ని చూసి చిన్నబోవలసిన అవసరం రాలేదు. పాత ప్రాసెసర్లు చాలాకాలం పనికొస్తాయనే నమ్మకం జనంలో బలపడింది ఆ ఆరేడేళ్లలోనే, 2017 తరువాతి కాలానికి ఆ నమ్మకాన్ని అలాగే మోసుకొస్తేనే చిక్కు.

నా ఐ5 2500 తొమ్మిదో ఏట ఉన్నట్టుండి నెమ్మదించింది. వీడియోను ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మార్చే పని పెడితే మొదటి రెండు నిమిషాలు బాగా నడిచి, తరువాత సగానికి సగం వేగం పడిపోయేది. ఉష్ణోగ్రత చూస్తే 90 డిగ్రీలు దాటి ఉంది. కూలర్ నాలుగు ప్లాస్టిక్ మేకులను తిప్పి ఊడదీశాను. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే, ఎప్పుడో బూడిదరంగు వెన్నలా ఉండిన థర్మల్ పేస్టు సుద్దపొడిలా ఎండిపోయి, గోటితో గీస్తే రాలింది. కూలర్ రెక్కల మధ్య దుమ్ము దూదిపలకలా పేరుకుని, ఫ్యాన్ తోసే గాలి అటు పోయే దారి లేకుండా చేసింది. పాత పేస్టును మెత్తని గుడ్డతో, స్పిరిట్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు వేసి, మేకులను ఎదురెదురు మూలల వరుసలో నొక్కి బిగించాను. అదే పని మళ్లీ పెడితే ఉష్ణోగ్రత 65 డిగ్రీలు దాటలేదు, వేగం చివరి వరకు నిలిచింది. ప్రాసెసర్ ముసలిదైపోయిందని పక్కన పెట్టేసే యంత్రాల్లో చాలావాటికి కావలసింది ఈ అరగంట శుభ్రమే. పాత ప్రాసెసర్ విలువ కట్టే ముందు ఈ పని చేసి తీరాలి.

హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడం, ర్యామ్‌ను 16 జీబీకి పెంచడం రెండో విడత వైద్యం. ఈ రెండూ అయ్యాక ఐ5 2500 మీద పత్రాలు రాసుకోవడం, లెక్కల పట్టికలు, ఇరవై ట్యాబుల బ్రౌజింగ్, వీడియో సంభాషణలు ఏ ఇబ్బందీ లేకుండా సాగుతాయి. అయితే ఎస్‌ఎస్‌డీని ఏ సాటా పోర్టుకు (డిస్కులను తగిలించే చోటుకు) తగిలిస్తున్నామో చూసుకోవాలి. ఈ తరం మొదటి మదర్‌బోర్డుల చిప్‌సెట్‌లో (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పులో) ఒక లోపం ఉండేది: 3 గిగాబిట్ల సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ బలహీనపడే అవకాశం ఉందని ఇంటెల్ స్వయంగా 2011 జనవరి చివర ప్రకటించి, సరిదిద్దిన బీ3 రకాన్ని తెచ్చింది. 6 గిగాబిట్ల పోర్టులు రెండింటికీ ఆ దోషం లేదు. పాత బోర్డు చేతికి వస్తే ఎస్‌ఎస్‌డీని ఆ రెండింటిలో ఒకదానికి తగిలిస్తే వేగం, భద్రత రెండూ దక్కుతాయి. సాటాకన్నా వేగంగా నడిచే ఎన్‌వీఎమ్‌ఈ రకం ఎస్‌ఎస్‌డీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ తరం బోర్డుల బయోస్‌కు (యంత్రాన్ని మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాముకు) దానినుంచి విండోస్‌ను లేపడం సాధారణంగా రాదు.

ఐ5 2500 చేతులెత్తేసే చోట్లు కూడా నాకు బాగా తెలుసు. ఆన్‌లైన్ వీడియోలను ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 రూపాల్లో పంపుతున్నారు. ఇందులోని వీడియో విభాగానికి ఆ రెండూ తెలియవు, కాబట్టి ఆ భారమంతా కోర్ల మీద పడుతుంది. 1080పీ వరకు నెట్టుకొస్తుంది, 4కే పెడితే బొమ్మ తడబడుతుంది. హెచ్.264 రూపమే పంపమని అడిగే చిన్న ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో వేసుకుంటే ఉపశమనం ఉంటుంది. కొత్త ఆటలతో వచ్చే కష్టం ఇంకో రకమైనది. గ్రాఫిక్స్ కార్డు ఎంత మంచిదైనా నాలుగు కోర్లూ నాలుగు థ్రెడ్లూ (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉన్న ప్రాసెసర్ నూటికి నూరు శాతం నిండిపోగానే ఆట మధ్యమధ్యలో ఒక్క క్షణం కొయ్యబారిపోతుంది. సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనిపిస్తుంది, ఆడే చేతికి మాత్రం ఆ కుదుపు తెలుస్తుంది. సగటు అంకె ఒక్కటే చూపించి పాత ప్రాసెసర్ ఇంకా బ్రహ్మాండంగా ఉందని చెప్పే పరీక్షలను అందుకే నేను నమ్మను.

దీన్ని ఉంచుకోవచ్చా అంటే, ఇంటి పనికి నిస్సంకోచంగా ఉంచుకోవచ్చు. బోర్డు ఒప్పుకుంటే బయోస్‌ను తాజా చేసుకుని ప్రాసెసర్ కూర్చునే అదే సాకెట్‌లో ఐ7 3770 పెట్టుకోవచ్చు. నాలుగు కోర్లు ఎనిమిది థ్రెడ్లవుతాయి, వాట్లు 95 నుంచి 77కు తగ్గుతాయి, పైన చెప్పిన కుదుపులు కొంతవరకు సర్దుకుంటాయి. బోర్డుతో సహా కొత్తగా కొనవచ్చా అంటే వద్దనే చెబుతాను. పదేళ్లు దాటిన బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఎప్పుడు ఉబ్బుతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రాసెసర్ చెడిపోవడం అరుదు, బోర్డు చెడిపోవడం మామూలు. పాత సాకెట్లలో మంచి బోర్డు దొరకడం ప్రాసెసర్ దొరకడంకన్నా కష్టం, అందువల్లనే చాలాచోట్ల బోర్డు ధర ప్రాసెసర్ ధరను మించిపోతుంది.

ఏఎమ్‌డీ ఎఫ్‌ఎక్స్ 8350 గురించి క్లుప్తంగానే చెబుతాను. 2012 అక్టోబరులో వచ్చిన ఈ ప్రాసెసర్‌కు ఎనిమిది కోర్లు, 4 గిగాహెర్ట్జ్ అని పెద్ద అంకెలున్నాయి. లోపల మాత్రం రెండేసి కోర్లు ఒక జతగా కలిసి, దశాంశాల లెక్కలు చేసే విభాగాన్ని పంచుకుంటాయి. ఒక్కో కోరు వేగం శాండీ బ్రిడ్జ్ కోరుకన్నా స్పష్టంగా తక్కువ, వాట్లేమో 125. ఈ కోర్ల లెక్క మీద అమెరికాలో దావా పడి, 2019లో ఏఎమ్‌డీ కోటీ 21 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఫైళ్లను కుదించడం, వీడియోలు మార్చడం వంటి, కోర్లన్నిటికీ పని పంచే చోట ఇది పరువు నిలుపుకుంటుంది. మిగతా పనుల్లో ఆ 125 వాట్ల వేడికి తగిన ప్రతిఫలం కనబడదు. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా దానికి తగిన కూలర్, పవర్ సప్లై, విడి గ్రాఫిక్స్ కార్డు సమకూర్చుకోవలసి వస్తుంది కాబట్టి ఇది చవక బేరం కాదు.

ఇక హాస్వెల్. 2013లో వచ్చిన ఈ తరం, ముఖ్యంగా ఐ7 4770, 4790 ప్రాసెసర్లు, వేగంలో శాండీ బ్రిడ్జ్‌కన్నా ఒకటిన్నర మెట్టు పైన మాత్రమే ఉన్నట్టు కనిపిస్తాయి. వీటి అసలు విలువ ఏవీఎక్స్2 అనే ఆదేశాల కూటమిలో ఉంది. ఒకేసారి ఎక్కువ అంకెల మీద పనిచేసే ఈ ఆదేశాలను వీడియో, ఫొటో సాఫ్ట్‌వేర్లు, సొంత కంప్యూటర్‌లోనే నడిపే భాషా నమూనాల ప్రోగ్రాములు విస్తారంగా వాడుకుంటున్నాయి. రెడ్ హ్యాట్ సంస్థ 2025లో విడుదల చేసిన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 ఈ ఆదేశాలున్న ప్రాసెసర్లను మాత్రమే ఒప్పుకుంటుంది. లినక్స్ అంటే ఎంత పాత యంత్రం మీదనైనా నడుస్తుందనుకునేవారు ఈ గీతను గమనించాలి. ఇందులో ఒక మెలిక ఉంది: హాస్వెల్ కాలపు పెంటియమ్, సెలెరాన్ పేర్లతో అమ్మినవాటిలో ఈ ఆదేశాలను మూసివేశారు. 2017లో చవక ప్రాసెసర్‌గా ఎంతో పేరు తెచ్చుకున్న పెంటియమ్ జీ4560లో కూడా ఇవి లేవు. ప్రాసెసర్ వయసు చూసి ఆదేశాలు ఉన్నాయనుకోకూడదు, ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ వంటి సాధనంతో చూసి నిర్ధారించుకోవాలి.

నా ఐ7 4790ను నేను ఇప్పటికీ వదలలేదు. ఎనిమిది థ్రెడ్లు, 4 గిగాహెర్ట్జ్ వరకు వేగం, 84 వాట్లు. ఒక మనిషి ఒక రోజులో చేసుకునే మామూలు పనుల్లో ఇది నన్ను ఎక్కడా ఆపలేదు. ఉన్నవారు నిశ్చింతగా ఉంచుకోవచ్చు. కార్యాలయాలు మార్చేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో భాగంగా బోర్డు, ర్యామ్, పెట్టె అన్నీ కలిపి వస్తే కొనుక్కోవచ్చు కూడా. అలాంటి యంత్రాల్లో పవర్ సప్లై ఆకారం, బోర్డు తీగల కనెక్టర్లు చాలాసార్లు ఆ కంపెనీకే ప్రత్యేకంగా ఉంటాయని, రేపు గ్రాఫిక్స్ కార్డు పెట్టాలంటే అడ్డుపడతాయని తెలిసి కొనాలి. విడిగా ఐ7 4790 ఒక్కటే కొనడం ఆ సాకెట్‌లో ఐ5 వాడుతున్నవారికి మాత్రమే గిట్టుబాటు.

పాత సర్వర్ల నుంచి బయటపడి కుప్పలుగా వచ్చే జియాన్ ప్రాసెసర్లు చాలామందిని ఆకర్షిస్తాయి. 2012లో వచ్చిన జియాన్ ఈ5 2670లో ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు, 20 మెగాబైట్ల క్యాష్ ఉన్నాయి. గంటల తరబడి రెండర్లు (బొమ్మలు, వీడియోలను కంప్యూటర్‌తో తయారు చేయించే పనులు) పెట్టుకునేవారికి ఇవి ఉపయోగమే. కానీ ఒక్కో కోరు వేగం శాండీ బ్రిడ్జ్ ఐ5 కన్నా తక్కువ, 115 వాట్ల ఆకలి, పేరు తెలియని కొత్త బోర్డుల మీద ఆధారపడటం ఉన్నాయి. ఇంటి కంప్యూటర్‌కు నేను వీటిని సూచించను.

2017 ఈ కథలో పెద్ద మలుపు. ఆ ఏడాది మార్చిలో ఏఎమ్‌డీ రైజెన్ తెచ్చింది. ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 1600 ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లను 65 వాట్లలో ఇచ్చింది. అక్టోబరుకల్లా ఇంటెల్ కూడా ఆరు కోర్ల ఐ5 8400, ఐ7 8700 ప్రాసెసర్లను తేక తప్పలేదు. ఎంతోకాలంగా ఐ5 అంటే నాలుగు కోర్లు అనుకుంటే, ఆ నాలుగు కోర్లు ఐ3 8100 స్థాయికి దిగిపోయాయి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన నీరు ఒక్కసారిగా కదిలింది. పాత ప్రాసెసర్లలో ‘ఉంచుకోదగ్గవి’, ‘కొనదగ్గవి’ అని గీత గీయాలంటే నేను గీసేది ఇక్కడే.

ఆ గీతను విండోస్ 11 ఇంకా లోతుగా గీసింది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరుస నుంచి మాత్రమే మద్దతు ఇస్తుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దీనివల్ల విచిత్రమైన అన్యాయాలు జరిగాయి. 2017 జనవరిలో వచ్చిన ఐ5 7500, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఐ3 8100 నాలుగేసి కోర్లతో, 6 మెగాబైట్ల క్యాష్‌తో వేగంలో దాదాపు సమానం, అయినా మొదటిది జాబితాకు బయట, రెండోది లోపల. రైజెన్ 5 1600 కూడా బయటే ఉండిపోయింది. అడ్డదారిలో ఎక్కించుకునే పద్ధతులున్న మాట నిజమే, వాటితో చాలామంది నడుపుతున్నారు కూడా. కానీ ఇంట్లో పెద్దవారికో, లెక్కలు రాసుకునే చిన్న వ్యాపారికో ఇచ్చే యంత్రాన్ని తరువాతి అప్‌డేట్‌లో ఏమవుతుందో తెలియని స్థితిలో అప్పగించడం నాకు మనస్కరించదు.

2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ప్రాసెసర్ ముందే ఊహించుకుని పనిచేసే ఆ తెలివిలోనే రహస్యాలు జారిపోయే దారి ఉందని తేలింది. సాఫ్ట్‌వేర్ ద్వారా వేసిన అతుకుల (ప్యాచ్‌ల) వల్ల కొంత వేగం పోయింది, హాస్వెల్, అంతకుముందు తరాల మీద ఆ భారం ఎక్కువగా ఉంటుందని మైక్రోసాఫ్ట్ అప్పుడే చెప్పింది. అందుచేత 2018కు ముందు రాసిన పరీక్షా ఫలితాలను చూసి ఈ రోజు పాత ఇంటెల్ ప్రాసెసర్ విలువ కట్టడం సరికాదు. ఆ అంకెలు ఆ అతుకులు పడకముందువి.

కొనదగ్గవాటిలో నా మొదటి ఓటు రైజెన్ 5 3600కు. 2019 జులైలో 7 నానోమీటర్ల తయారీ పద్ధతిలో వచ్చింది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 4.2 గిగాహెర్ట్జ్ వరకు వేగం, 32 మెగాబైట్ల ఎల్3 క్యాష్, 65 వాట్లు. మొదటి తరం రైజెన్‌లో ఏవీఎక్స్2 ఆదేశాలను రెండు ముక్కలు చేసి నడిపేవారు, ఇందులో ఒకే విడతలో నడుస్తాయి. కోర్లన్నీ వాడుకునే పనుల్లో ఇది ఐ7 2600కెకు రెండింతలకు పైగా పని చేస్తుంది, అదీ అంతకన్నా తక్కువ వాట్లలో. నేను మారిన రోజున మొదట గమనించింది వేగాన్ని కాదు, వీడియో మార్పిడి వెనుక నడుస్తుండగానే బ్రౌజర్ ఏ తడబాటూ లేకుండా తెరుచుకోవడాన్ని. ర్యామ్ విషయంలో ఇది కొంచెం పట్టింపు గలది. ఒకే ర్యామ్ పలక పెడితే, లేదా నెమ్మదైన ర్యామ్ పెడితే, కోర్ల మధ్య దారి కూడా నెమ్మదిస్తుంది. రెండు పలకలు జతగా, 3200 లేదా 3600 వేగంవి పెట్టాలి.

దీనికున్న ఒకే పెద్ద లోటు లోపల గ్రాఫిక్స్ లేకపోవడం. విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర మీద బొమ్మే రాదు. అందుకే ఆటలు ఆడని, కార్డు అక్కర్లేని కార్యాలయపు యంత్రానికి ఐ5 8400 ఎక్కువ నప్పుతుంది. అందులో ఆరు కోర్లతో పాటు గ్రాఫిక్స్ కూడా ఉంది, వీపీ9 వీడియోను అది తేలిగ్గా ఆడిస్తుంది. ఒక్క జాగ్రత్త అవసరం: ఎనిమిదో తరం సాకెట్ పేరు, ఆకారం ఆరో, ఏడో తరాల సాకెట్‌లాగే ఉన్నా, ఆ పాత బోర్డులలో ఇది పనిచేయదు, 300 వరుస చిప్‌సెట్ బోర్డే ఉండాలి. ఐ5 6500 బోర్డు ఉందని ఐ5 8400 కొనుక్కొచ్చి నిరాశపడినవారిని నేను చూశాను.

రైజెన్ 3600 వైపు తూకం మొగ్గడానికి ఇంకో కారణం దాని ఏఎమ్4 సాకెట్. మొదటి తరం రైజెన్‌తో కొన్న చాలా బోర్డుల్లో బయోస్ మార్చుకుని 5000 వరుస వరకు పెట్టుకోవచ్చు. 2022లో 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్‌తో వచ్చి ఆటల్లో పేరు తెచ్చుకున్న రైజెన్ 7 5800ఎక్స్3డీ కూడా ఇదే సాకెట్‌లో కూర్చుంటుంది. ఇవాళ 3600 కొన్నవారికి రేపు ఎక్కడానికి ఇంకో మెట్టు ఉంది, ఐ7 4790 కొన్నవారికి ఆ సాకెట్‌లో దాదాపుగా అదే చివరి మెట్టు.

ఏఎమ్4 రకాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు సన్నని తీగలు బోర్డు సాకెట్‌లో ఉంటే, ఏఎమ్4లో 1331 పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. ఒక అమ్మకందారు ‘పరీక్షించి చూసినది’ అని రాసి అమ్మిన ప్రాసెసర్ పెట్టె తెరిచి చూస్తే, ఒక మూల నాలుగు పిన్నులు గాలికి వాలిన గడ్డిపోచల్లా ఒకవైపు ఒరిగి ఉన్నాయి. పేస్టు ఎండిపోయి అతుక్కున్న కూలర్‌ను నిటారుగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి దానితోపాటే ఊడివస్తుంది. ఇదీ అలాగే జరిగి ఉండాలి. సన్నని ముల్లు తీసేసిన మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని ఒక్కో పిన్నుకు తొడిగి, వరుస వెంబడి చూస్తూ, శ్వాస బిగబట్టి నిలబెట్టాను. మూడు లేచాయి, నాలుగోది మొదలు దగ్గర విరిగింది. ఆ ప్రాసెసర్‌తో ఒక ర్యామ్ వరుస మాత్రమే పనిచేసింది, అమ్మినవారు డబ్బు వెనక్కి ఇవ్వలేదు. కాబట్టి ఊడదీసే ముందు యంత్రాన్ని పదినిమిషాలు పనిలో పెట్టి వేడెక్కించి ఆపి, కూలర్‌ను ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పుతూ పట్టు వదిలించాలి. కొనేటప్పుడు అడుగుభాగం ఫొటోను ఏటవాలు వెలుతురులో తీసి పంపమని అడగాలి. ర్యామ్ మొత్తం కనబడుతోందా అన్నది చూపించమనడం కూడా తప్పు కాదు.

విద్యుత్తు సంగతి ఒకటి మిగిలింది. ప్రాసెసర్ మీద రాసిన వాట్లు పూర్తి పనిలో ఉన్నప్పటి వేడికి సంబంధించినవి. ఖాళీగా ఉన్నప్పుడు శాండీ బ్రిడ్జ్ తరువాతి ప్రాసెసర్లన్నీ పొదుపుగానే ఉంటాయి. రోజుకు నాలుగైదు గంటలు వాడే యంత్రానికి ఈ తేడా లెక్కలోకి రాదు. కానీ పాత డెస్క్‌టాప్‌ను ఫైళ్లు దాచే సర్వర్‌గా మార్చి రాత్రింబవళ్లు నడపాలనుకునేవారు ముందు మీటరు పెట్టి కొలవాలి. మొత్తం యంత్రం ఖాళీగా 50 వాట్లు తాగుతుంటే ఏడాదికి 438 యూనిట్లవుతుంది. అంత విద్యుత్తుకు మీ దగ్గర ఏ ధర పడుతుందో లెక్క వేసి, అదే పనిని పది వాట్లలో చేసే చిన్న యంత్రం ధరతో పోల్చి చూడండి. నా క్యూ6600ను సర్వర్‌గా పెట్టాలన్న కోరిక ఆ లెక్క వేసిన సాయంత్రమే విరమించుకున్నాను. ఐ5 2500 మాత్రం కొత్త పేస్టుతో, ఎస్‌ఎస్‌డీతో, లినక్స్‌తో మా చెల్లెలి బల్ల మీద పనిచేస్తోంది. దాని బోర్డు నిలిచినంత కాలం దాన్ని మార్చవలసిన అవసరం నాకు కనబడటం లేదు.